వికెట్ కీపరు పెళ్లి

దోహాలో తెలుగు సంఘానికి పాదిరీగా వచ్చేనాటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. మాది ఆంగ్లికన్ సంప్రదాయం. తెల్ల అంగీ, మెడకి పట్టీ, పుస్తకం చూసి వరస తప్పకుండా చేసే ఆరాధన. ఒకప్పుడు ఇంగ్లీషు దొరలు ఏ రేవులో దిగితే అక్కడ తమవాళ్ల కోసం ఒక పాదిరీని పెట్టుకునేవారు. మా గోదావరి జిల్లాల్లోకి ఈ పద్ధతి అలాగే వచ్చింది. ఇప్పుడు రోజులు మారి దిగేది మనవాళ్లయ్యారు. కోనసీమ నుంచి ఇంటి డ్రైవర్లు, కడప వైపు నుంచి వంటమనుషులు, తెలంగాణ నుంచి సైటు పనివాళ్లు. వాళ్లు దిగిన చోట నేను పాదిరీని.

మా చర్చి బయటినుంచి చూస్తే గోదాములా ఉంటుంది. పైన శిలువ ఉండదు, గంట ఉండదు. ఊరి చివర ఒకే ప్రహరీలో అన్ని దేశాల సంఘాలకూ చోటిచ్చారు. అందులో ఒక హాలుని నాలుగైదు సంఘాలవాళ్లం గంటల చొప్పున పంచుకుంటాం. శుక్రవారం ఎనిమిదిన్నర నుంచి పది దాకా మాది. మా చివరి ఆమెన్ అయ్యేసరికి తలుపు దగ్గర తర్వాతి సంఘంవాళ్లు డ్రమ్ములు పట్టుకుని నిలబడి ఉండేవారు. ప్రసంగం ఇరవై నిమిషాలు దాటితే మా ఆవిడ కీబోర్డు మీద ఒక్క స్వరం నొక్కేది. అది మా ఇద్దరికే తెలిసిన సంగతి అనుకునేవాణ్ణి. సంఘం మొత్తానికి తెలుసని చాలా కాలానికి తెలిసింది.

మిగతా ఆరు రోజులూ నా కాపురం కారులోనే. మా ఫ్లాటు అల్ అజీజియాలో. అక్కణ్ణుంచి ఉమ్ సలాల్ తోటల్లో పనిచేసేవాళ్ల గదులకీ, బర్వా అల్ బరాహా క్యాంపులకీ తిరిగేవాణ్ణి. ప్రభు సంస్కారానికి కావలసిన గిన్నె, పళ్లెం, ద్రాక్షరసం సీసా అన్నీ స్టీలు క్యారేజీలో సర్దుకుని వెళ్లేవాణ్ణి. ఒక క్యాంపు గేటు దగ్గర కాపలా అతను ఆ క్యారేజీ చూసి, ఈరోజు ఏం కూర అని హిందీలో అడిగాడు. నాకు ఏం చెప్పాలో తోచక పప్పు అన్నాను. పాదిరీ అయ్యాక నేను ఆడిన అబద్ధాల్లో అది ఒకటి. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని ఎత్తి చూపుతూ ఉంటుంది.

శుక్రవారం మావాళ్లని చర్చికి చేర్చడానికి ఒక కంపెనీ బస్సు మాట్లాడుకున్నాం. దాన్ని నడిపే అతనిది జగిత్యాల దగ్గర పల్లె. హిందువు. నలభై దాటిన మనిషి, బొద్దు మీసం, ఎప్పుడూ నెత్తిన క్రికెట్ టోపీ. వాళ్ల ఊళ్లో అయ్యగారంటే గుడి పూజారి కాబట్టి నన్ను అలా పిలవడం కుదరదని చెప్పి, బాగా ఆలోచించి ఫాదర్‌సాబ్ అని పేరు పెట్టాడు. వారం పొడుగునా కూలీలని సైట్లకి తిప్పుతాడు. శుక్రవారం తెల్లారుజామున తన క్యాంపువాళ్ల క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఎండ ముదరకముందే ఆట ముగించి, ఏడింటికల్లా బస్సు తీసుకుని బయల్దేరేవాడు. మమ్మల్ని దింపాక బయట ఎండలో కూర్చోలేక లోపలికి వచ్చి, హాల్లో వెనక బెంచీ మీద ఏసీ కింద కూర్చునేవాడు. నా ప్రసంగాలన్నీ విన్నాడు. కొన్నిటికి నిద్రపోయాడు కూడా. ఏవి బాగున్నాయో అతని గురకని బట్టి చెప్పొచ్చని మా ఆవిడ అనేది.

ఆ బస్సులోనే ఈ కథంతా మొదలైంది.

ఉమ్ సలాల్‌లో ఒక ఇంటి డ్రైవరు మొదట ఎక్కేవాడు. రాజోలు దగ్గర పల్లెటూరు, నలభై ఒక్కేళ్లు. తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ ఒక ఒడ్డుకి చేర్చేసరికి తన పెళ్లి మాట అందరూ మర్చిపోయారు. అతను కూడా మర్చిపోయినట్టే ఉండేవాడు. ఎక్కగానే మూడో వరసలో కిటికీ దగ్గర కూర్చుని పక్క సీటులో తన బైబిలు పెట్టేవాడు. బస్సు అల్ అజీజియాకి వచ్చాక ఒక పెద్ద ఇంట్లో వంటచేసే ఆవిడ ఎక్కేది. రాయచోటి వైపు మనిషి, ముప్ఫై తొమ్మిదేళ్లు. ఆవిడ దగ్గరికి రాగానే బైబిలు తీసి ఒళ్లో పెట్టుకునేవాడు. ఆవిడ కూర్చునేది. అంతే. మూడేళ్లలో వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు కొంచెం జరగండి, ఏసీ తగ్గించమంటారా, ఈ రెండేనని నేను నమ్ముతాను. మేమూ అల్ అజీజియాలోనే ఆ బస్సెక్కేవాళ్లం కాబట్టి ప్రతి వారం కళ్లారా చూసేవాళ్లం. చూసింది నేను, పట్టుకుంది మా ఆవిడ.

ఒకరోజు ఆ డ్రైవరు ఫోన్ చేసి ఒక విషయం గురించి ప్రార్థన చెయ్యాలన్నాడు. ఏమిటది అని అడిగాను. ఏం లేదండయ్యగారూ, విషయమండీ అన్నాడు. సరే అని విషయం కోసం ప్రార్థన చేశాను. మర్నాడు మళ్లీ ఫోన్. ఆ విషయమేనండి అన్నాడు. మూడోరోజు స్పీకరు పెట్టి ఉన్న ఫోన్‌లోకి మా ఆవిడ వంగి, ఆ విషయం రాయచోటి నుంచి వచ్చిందా బాబూ అని అడిగింది. అవతల గొంతు సవరించుకున్నాడు. తర్వాత, ఆయ్, అదేనండి అని చిన్న గొంతుతో అన్నాడు. తన నోటితో అడగడం చేతకాదనీ, నేనే అడిగి పెట్టాలనీ బతిమాలాడు.

పెళ్లి సంబంధం మాట్లాడటం కూడా పాదిరీ పనే అని మా నాన్నగారు అనేవారు. ఆయనా పాదిరీయే. తర్వాతి శుక్రవారం ఆరాధన అయ్యాక మంచినీళ్ల కూలరు దగ్గర ఆవిణ్ణి ఆపి, నాలుగు మాటల పీఠిక వేసి సంగతి చెప్పాను. ఆవిడ గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని, నింపాదిగా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని అప్పుడు జవాబిచ్చింది.

"మూడేండ్ల నుంచి ఆయప్ప బైబిలు పెట్టి నాకు సీటు పట్టినాడు. నాకు తెలీదా అయ్యగారూ? నోరు తెరిచి అడగమనండి. కాదంటే అప్పుడు సూద్దాం."

నోరు తెరిచి అడిగాడు. ఎలా అడిగాడో ఇద్దరూ నాకు చెప్పలేదు. ఆ వారం మాత్రం తిరుగు ప్రయాణంలో వాళ్లిద్దరూ మొదలుపెట్టిన మాటలు ఉమ్ సలాల్ మలుపు దాకా ఆగలేదు. ఆవిడ తన స్టాపులో దిగడం మర్చిపోయింది. కెప్టెన్ మారు మాట్లాడకుండా బస్సు తిప్పి మళ్లీ అల్ అజీజియాకి తెచ్చి దింపాడు.

ఇక కాగితాలు. ఎంబసీ నుంచి ఒకటి, ఇద్దరి యజమానుల నుంచి చెరొకటి, ఊళ్లో సంఘాల నుంచి చెరొకటి. అన్నీ చేతికొచ్చేసరికి అక్టోబరు వచ్చింది. ఆవిడ పనిచేసే ఇంటి మేడమ్ కుటుంబంతో సహా రెండు నెలలు విదేశం వెళ్లబోతోంది, వంటకి ఈవిణ్ణీ తీసుకెళ్తోంది. అందుకని నవంబరు మొదటి శుక్రవారం పెళ్లి పెట్టుకున్నాం. దాటితే సంక్రాంతి దాకా ఆగాలి. నలభై ఏళ్లు ఆగినవాళ్లు మూడు నెలలు ఆగలేరా అంటే, ఆగలేమని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

మా పద్ధతిలో పెళ్లికి ముందు మూడు వారాలు వరసగా ఆరాధనలో ప్రకటన చదవాలి. ఫలానావారికీ ఫలానావారికీ వివాహం జరగబోతున్నది, దీనికి న్యాయమైన ఆటంకమేదైనా ఎవరికైనా తెలిసినట్లయితే ఇప్పుడే తెలియజేయవలసిందని అడగాలి. ఇరవై రెండేళ్లుగా ఎన్ని వందలసార్లు చదివానో. చదివి, ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, తర్వాతి పేజీ తిప్పడం అలవాటు. ఎవరూ ఎప్పుడూ ఏమీ తెలియజేయలేదు.

మొదటి వారం అలాగే జరిగింది. కెప్టెన్ నిద్రలో ఉన్నాడు. రెండో వారం మెలకువగా ఉన్నాడు.

పెళ్లి తారీఖు చదివి, ఆటంకం గురించి అడిగి, పేజీ తిప్పబోతుంటే వెనక బెంచీ కిర్రుమంది. అతను లేచి నిలబడి టోపీ తీశాడు.

"ఫాదర్‌సాబ్, నాకున్నది ఆటంకం."

మా ఆవిడ మోచెయ్యి కీబోర్డు మీద పడి ఓ నాలుగు స్వరాలు కలిసి మోగాయి. ముందు వరసలో పెళ్లికొడుకు తల కిందికి వెళ్లిపోయింది. పెళ్లికూతురు మాత్రం కదల్లేదు. పెళ్లికొడుక్కి ఊళ్లో ఎక్కడో ఇంకో పెళ్లాం ఉందనే అనుకున్నానని తర్వాత నాతో చెప్పింది. అందరూ అదే అనుకున్నారు. నేనూ అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చదువుకున్నాను గాని, నిజంగా చెయ్యాల్సి వస్తుందని ఏ గురువూ చెప్పలేదు. ముందుకి వచ్చి చెప్పమన్నాను.

అతను చెప్పులు వెనకే విడిచి, టోపీ రెండు చేతుల్తో పట్టుకుని మధ్య దారిలో నడిచి వచ్చాడు. పెళ్లికి తనకేం ఆటంకం లేదన్నాడు. ఇద్దరూ మంచోళ్లు, బస్సులో ఒక్కనాడు లొల్లి పెట్టలేదన్నాడు. ఆటంకం తారీఖుకేనట. ఆ శుక్రవారం పొద్దున్నే వాళ్ల టోర్నమెంటు ఫైనల్. గ్రౌండు ఆ ఒక్క పూటే ఇచ్చారు, మార్చడానికి మాఫీ, కుదరదన్నాడు.

"మాకు కీపర్ ఈయనొక్కడే ఫాదర్‌సాబ్. ఇంకెవ్వలకు చేతులు లేవు."

రెండేళ్లుగా మా పెళ్లికొడుకు ఆ జట్టుకి వికెట్ కీపరట. శుక్రవారం తెల్లారకుండానే ఎవరి బండిలోనో క్యాంపు గ్రౌండుకి చేరి, కీపింగ్ చేసి, కెప్టెన్‌తో కలిసి బస్సులో మళ్లీ ఉమ్ సలాల్ దాకా వచ్చి, అక్కణ్ణుంచే ఎక్కినవాడిలా మూడో వరసలో బైబిలు పెట్టుకుని కూర్చునేవాడు. పెళ్లికూతురికి చెప్పలేదు. ఈ వయసులో ఆటలేమిటని నవ్వుతుందని భయం. కెప్టెన్‌కి పెళ్లి తారీఖు చెప్పలేదు, తిడతాడని భయం. ఇద్దరికీ సరే అని ఊరుకున్నాడు.

సంఘం మొత్తం పెళ్లికూతురి వైపు తిరిగింది. ముందు ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆ నవ్వు పక్క బెంచీకి పాకింది, అక్కణ్ణుంచి మగవాళ్ల వైపు దాటింది, చివరికి నా దాకా వచ్చింది. బలిపీఠం ముందు నిలబడి, అంగీ వేసుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాను. తర్వాత చదవాల్సిన విశ్వాస ప్రమాణం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపాను. చివరికి మా ఆవిడ పాట అందుకుంది.

ఆరాధన అయ్యాక పెళ్లికూతురే తీర్పు చెప్పింది. ఆడుకోమనండి, పెండ్లికి టయానికి నా ముందర నిలబడితే సాలు అంది. కాని ఫైనల్ ఆరున్నరకి మొదలై పదింటి దాకా సాగుతుంది, మా హాలు పదింటికి ఖాళీ చెయ్యాలి. మా తర్వాత పదిన్నరకి వచ్చేది ఒక ఆఫ్రికా సంఘం. వాళ్ల పాస్టరు వారమంతా క్రేన్ నడుపుతాడు, తలుపులో నిలబడితే వెనక వెలుతురు కనిపించదు. ఆ రోజే తలుపు దగ్గర ఆయన్ని పట్టుకుని, ఆ ఒక్క వారం మా వేళ మీరు తీసుకుని మీ వేళ మాకివ్వమని అడిగాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన గోడకి ఆనుకుని, తర్వాత మెట్ల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. వేళ ఇవ్వడానికి ఒక్క షరతు పెట్టాడు. తన సంఘం తమ ఆరాధన అయ్యాక ఇళ్లకి పోదు, పెళ్లికి ఉండి పెళ్లికూతుర్ని తామే లోపలికి తీసుకొస్తుంది. అలాగేనన్నాను. దేనికి ఒప్పుకున్నానో అప్పటికి నాకు తెలియదు.

మూడో వారం ప్రకటన చదువుతున్నప్పుడు అందరూ వెనక్కి తిరిగి చూశారు. కెప్టెన్ రెండు చేతులూ కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

పెళ్లి రోజు ఇంకో చిక్కు. ఉన్నది ఒకటే బస్సు, నడిపేది కెప్టెన్. ఆట మధ్యలో వదిలి మమ్మల్ని ఎక్కించుకోవడానికి రాలేడు. అందుకని పెళ్లివారం అందరం తెల్లవారగానే ఆ బస్సెక్కి గ్రౌండుకే వెళ్లాం. పెళ్లికూతురు మాత్రం మేడమ్ కారులో సరాసరి చర్చికి వస్తుంది. బర్వా అల్ బరాహా వెనక ఇసక నేలలో సిమెంటు పిచ్, దాని మీద ఆకుపచ్చ చాప. బౌండరీ పొడుగునా పట్టుచీరలు, కోట్లు, గజ్జెల గౌన్లలో పిల్లలు. నలభై మందిమి దుప్పట్లు పరుచుకుని కూర్చున్నాం. నా తెల్ల అంగీ ఇస్త్రీ కవర్లో మా ఆవిడ ఒళ్లో ఉంది. సంస్కారం క్యారేజీ పక్కన ఇడ్లీల క్యారేజీ ఉండటంతో మా ఆవిడ రెండింటికీ వేర్వేరు రంగు రిబ్బన్లు కట్టింది.

అవతలి జట్టు నేపాలీ కుర్రాళ్లది. టాస్ వేశాక తెలిసింది, రావాల్సిన అంపైరు డ్యూటీ పడి రాలేదని. కెప్టెన్లిద్దరూ కాసేపు మాట్లాడుకుని నా వైపు నడిచి వచ్చారు. నేను పెళ్లివారి మనిషినని మొరపెట్టుకున్నాను. కెప్టెన్ నేపాలీలకి హిందీలో నచ్చజెప్పాడు, ఫాదర్‌సాబ్ అబద్ధమాడడని. పప్పు సంగతి గుర్తొచ్చి మా ఆవిడ అటు తిరిగి నవ్వింది. చివరికి మెడకి పట్టీతో, నెత్తిన మా ఆవిడ గడ్డి టోపీతో వికెట్ల వెనక నిలబడ్డాను. చిన్నప్పుడు బోర్డింగు స్కూల్లో ఆడిన ఆట, రూల్సు గుర్తున్నాయి. ఒక గంట గడిచేసరికి నేను పాదిరీనని మర్చిపోయాను. వైడ్‌కి చేతులు చాపినప్పుడు మాత్రం దీవెన ఇస్తున్నాడని బౌండరీ దగ్గర పిల్లలు తలలు వంచారు.

మా పెళ్లికొడుకు ఎంత బాగా కీపింగ్ చేశాడో చెప్పలేను. బస్సులో బైబిలు జరపడానికి మొహమాటపడే మనిషి అక్కడ పులిలా ఉన్నాడు. రెండు క్యాచ్‌లు పట్టాడు, ఒకటి గాల్లో పడుకుని మరీ. రెండోదానికి ఉంగరం వేలు వాచింది. నేపాలీలు నూట ముప్ఫై చిల్లర కొట్టారు. మనవాళ్లు వెనకబడి, పుంజుకుని, మళ్లీ వెనకబడి చివరి ఓవరుకి వచ్చేసరికి పెళ్లివారిలో ఒక్కరూ దుప్పట్ల మీద లేరు. క్రికెట్ అంటే ఏమిటో తెలియని ముసలమ్మలు కూడా గీత దగ్గర నిలబడి అరుస్తున్నారు. ఒక్క బంతి మిగిలింది. మూడు పరుగులు తీస్తే గెలుపు, రెండైతే సమం. కొట్టేవాడు కెప్టెన్. నా పక్కన, అవతలి చివర, పెళ్లికొడుకు.

కెప్టెన్ బలంగా కొట్టాడు. బంతి ఇసకలో పడి మందగించింది. ఒక పరుగు తీశారు. పెళ్లికొడుకు వెనక్కి తిరిగి నా వైపు రెండో పరుగుకి దూకాడు. బంతి బౌలరు చేతికొచ్చింది, వికెట్లు ఎగిరాయి, మా వాడి బ్యాటు చాప మీద జారుతూ వచ్చింది. ధూళి అంతా లేచింది. నేను చూశాను. బ్యాటుకీ గీతకీ మధ్య జానెడు ఉంది.

అందరూ నన్నే చూస్తున్నారు. పెళ్లికొడుకు నేల మీద పడుకునే తలెత్తి చూశాడు. ఇంకో గంటలో నేను పెళ్లి చెయ్యాల్సిన మనిషి. వేలు పైకెత్తాను.

నేపాలీ కుర్రాళ్లు కేకలు వేస్తూ నన్నే ఎత్తుకున్నారు, వాళ్ల కెప్టెన్‌ని వదిలేసి. కిందికి దిగి చూస్తే మా కెప్టెన్ పిచ్ మధ్యలో బ్యాటు మీద ఆనుకుని నిలబడ్డాడు. దగ్గరికి వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. అతనే వచ్చాడు.

"అవుటే ఫాదర్‌సాబ్. నేను గూడ చూసిన" అన్నాడు. టోపీ సర్దుకుని అందరి వైపు తిరిగాడు. "యల్లా, ఎక్కుండ్రి. పెండ్లున్నది."

నేపాలీలు పెళ్లికి తామూ రావచ్చా అని అడిగారు. రమ్మన్నాను. కప్పుతో సహా తమ వ్యాను ఎక్కి మా వెనకే వచ్చారు.

చర్చి ఆవరణలో పంపు దగ్గర పెళ్లికొడుకుని నిలబెట్టి తల మీద బకెట్లతో నీళ్లు పోశారు. చెవుల్లోంచి ఇసక ఎంత కడిగినా వస్తూనే ఉంది. సూటు తొడిగి, టై కట్టింది కెప్టెన్. నేను అంగీ వేసుకుని ప్రహరీ గేటు దగ్గరికి వెళ్లేసరికి మేడమ్ కారు వచ్చి ఆగి ఉంది. ఆ దేశపు ముస్లిం కాబట్టి గేటు దాటి లోపలికి రావడం మేడమ్‌కి కుదరదు. పిల్లలతో కారులోనే కూర్చుని, అద్దం దించి నాతో ఇంగ్లీషులో మాట్లాడింది. తన ఇంట్లో పదేళ్లుగా ఉన్న మనిషనీ, పెళ్లయ్యాక ఇద్దర్నీ ఒకసారి ఇక్కడికి తీసుకురావాలనీ చెప్పింది. పెళ్లికూతురు దిగింది. తెల్లచీర, తలలో మల్లెలు, చేతుల్లో పూలగుత్తి. నన్ను చూసి మొదట అడిగింది, గెలిచినారా అని.

ఒక్క పరుగుతో ఓడిపోయాం అన్నాను. ఆగి, నేనే అవుట్ ఇచ్చానమ్మా అని కూడా చెప్పేశాను. దాచి పెళ్లి చెయ్యలేను కదా.

"మీరే అవుట్ ఇచ్చి మీరే పెండ్లి చేస్తారా అయ్యగారూ?" అని పడీపడీ నవ్వింది. కాటుక చెరుగుతుందని మా ఆవిడ పరుగెత్తుకొచ్చి రుమాలు అద్దింది.

అప్పుడు డ్రమ్ములు మొదలయ్యాయి. ఆఫ్రికా సంఘం ఆడవాళ్లు తలలకి ఇంతింత రంగుగుడ్డలు చుట్టుకుని రెండు వరసలుగా నిలబడ్డారు. పెళ్లికూతుర్ని మధ్యలో పెట్టుకుని ఒక అడుగు ముందుకి, సగం అడుగు వెనక్కి వేస్తూ పాడుతూ కదిలారు. మా పద్ధతిలో ముప్ఫై అడుగుల దూరానికి అర నిమిషం పడుతుంది. వాళ్లకి పదిహేను నిమిషాలు పట్టింది. పెళ్లికూతురు మొదట తలొంచుకుని నడిచింది. సగం దూరంలో ఆవిడ నడుము కదిలింది. తలుపు దాటేసరికి చేతులెత్తి ఆడుతోంది. నేను బలిపీఠం దగ్గర పుస్తకం పట్టుకుని గంభీరంగా నిలబడాలి. కాళ్లు నా మాట వినలేదు. అంగీ పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదనుకున్నాను. ఫోటోల్లో బాగానే కనపడింది.

ప్రమాణాలు చేయించాను. పెళ్లికొడుకు తన మాట ఎంత గట్టిగా చెప్పాడంటే ముందు వరసలో పసిబిడ్డ లేచి ఏడ్చింది. తాళి కట్టాడు. ఆవిడ ఉంగరం తొడగబోతే వాచిన వేలికి ఎక్కలేదు. ఆవిడ నెట్టింది, అతను పళ్లు బిగించాడు. ఆఫ్రికా పాస్టరు భార్య తన హ్యాండ్‌బ్యాగులోంచి వాజలీను డబ్బా అందించింది. అదీ పనిచెయ్యలేదు. చివరికి చిటికెన వేలికి తొడిగి, అదీ వేలేనని నేను ప్రకటించాను. నేపాలీలు చప్పట్లు కొట్టారు. ఏ ఘట్టానికి చప్పట్లు కొట్టాలో వాళ్లకి తెలియదు కాబట్టి అన్నిటికీ కొట్టారు. నా ఆశీర్వచనానికి కూడా. ఇరవై రెండేళ్లలో నా ఆశీర్వచనానికి చప్పట్లు అదే మొదలు.

అన్నీ అయ్యాక కొత్త జంటని గేటు దగ్గరికి నడిపించుకెళ్లాం. మేడమ్ కారు దిగి నిలబడి ఉంది. వీళ్లని చూడగానే నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక ఆడిస్తూ సన్నగా, పొడుగ్గా కూత పెట్టింది. అరబ్బు పెళ్లిళ్లలో ఆడవాళ్లు పెట్టే కూత. వెంటనే వెనకనుంచి ఆఫ్రికా ఆడవాళ్లు తమ పద్ధతిలో అందుకున్నారు. మా రాజోలు ముసలమ్మ ఒకావిడ ఏం చెయ్యాలో తోచక మేడమ్ బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. మేడమ్ కూడా ఆవిడ బుగ్గలు నిమిరింది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

పెళ్లయిన వారానికే పెళ్లికూతురు విదేశం వెళ్లింది. తిరిగొచ్చాక కూడా కొన్ని నెలలు ఆవిడ అల్ అజీజియాలో, అతను ఉమ్ సలాల్‌లో. శుక్రవారాలు మాత్రమే కాపురం, అదీ బస్సులో, మూడో వరసలో. పక్కవాళ్లు మొహమాటపడి ముందు సీట్లకి జరిగేవారు. తర్వాత మేడమ్ ఇంట్లో పాత డ్రైవరు పని మానేసి ఊరికి వెళ్లిపోతే, మేడమే కాగితాలు మార్పించి ఇతన్ని ఆ పనిలో పెట్టుకుంది. ఇంటి వెనక ఒక గది ఇచ్చింది.

గది దీవించడానికి నన్నూ మా ఆవిణ్ణీ పిలిచారు. మంచం, బీరువా, పొయ్యి, నాలుగు కుర్చీలు. నాలుగో కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. పప్పు కోనసీమ పద్ధతిలో వండాలా కడప పద్ధతిలో వండాలా అని పొద్దుట్నుంచీ వాళ్ల మధ్య తగువట. తెగక రెండు కుక్కర్లలో రెండు రకాలూ పెట్టారు. నేను లేచి నిలబడి పుస్తకం తెరిచి, ఈ ఇంట్లో శాంతి సమాధానాలు ఉండుగాక అన్నాను. ఒక కుక్కరు కూసింది. నాది అని ఆవిడ లేచింది. కాదు నాదండి అని అతను లేచాడు. ఇద్దరూ ఒకేసారి పొయ్యి దగ్గరికి తోసుకుంటూ వెళ్లారు. రెండో కుక్కరు కూడా కూసింది. మా ఆవిడ కళ్లు మూసుకునే నవ్వుతోంది. వాళ్లు అక్కడ ఎవరి మంట ఎవరు తగ్గించాలో తేల్చుకుంటుంటే, ఇక్కడ మేమిద్దరం ఆ గది తరఫున ఆమెన్ చెప్పి కూర్చున్నాం.